ఉడుకు రోజు

(తిరుపతిలో, ఇంటి దగ్గరే చేతిపనులు చేసుకునే ఆడవాళ్ల కూడికలో శ్రీకాళహస్తి కలంకారీ కళాకారిణి ఒకరు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. నిలబడి మాట్లాడటం నాకు అలవాటు లేదమ్మా. నా పనంతా కింద కూర్చుని, తలొంచుకుని చేసేది. మధ్యలో గొంతు తగ్గితే వెనకున్నవాళ్లు చెయ్యెత్తండి.

నన్ను పిలిచినప్పుడు ఫోన్లో అడిగిందేమంటే, "ఇల్లూ పనీ రెండూ ఎట్లా సంబాళించుకుంటున్నారో చెప్పండి" అని. ఆ రాత్రి మా ఆయనకు చెప్పినాను. ఆయన అన్నం కలుపుకుంటా, "నువ్వు సంబాళించుకున్నావా, మేం సర్దుకున్నామా?" అన్నాడు. (నవ్వులు) ఆ లెక్క ఇంకా తేలలేదు. అందుకని నేను చెప్పేదాంట్లో సగం మా ఇంటివాళ్లదే అనుకోండి.

ముందు పాల గొడవ చెప్తాను. మా ఇంట్లో మొదటి గొడవ అదే. కలంకారీ అంటే చాలామందికి అచ్చులు గుర్తొస్తాయి. అది కృష్ణా జిల్లాలో పెడన పని, కొయ్య అచ్చుతో గుడ్డమీద అద్దుతారు. మాది కలం. వెదురుపుల్ల మొన చెక్కి, దానికి ఉన్ని గానీ పాతగుడ్డ గానీ చుట్టి, దారంతో బిగిస్తాం. ఆ చుట్ట రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనకు దిగుతుంది. అయితే కలం పట్టేముందు గుడ్డ తయారుకావాలి. గంజి పోయేదాకా ఉతికిన నూలుగుడ్డను, కరక్కాయ పొడి కలిపిన పచ్చిపాలల్లో ముంచి, పిండి ఆరెయ్యాలి. ఎనుము పాలే వాడతాం, వాటిలో కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు లేకపోతే గీసిన గీత గుడ్డలో పారిపోతుంది.

పెళ్లైన రెండో ఏడు. పెద్దబిడ్డకు ఎనిమిది నెలలు. ఇంటికి రోజూ లీటరున్నర పాలు పోయించుకుంటాం. అప్పటిదాకా నేను ఇంకొకరింటికి పోయి రంగు నింపి వచ్చేదాన్ని కాబట్టి మా అత్తకు ఈ పాల సంగతి తెలీదు. ఆ పొద్దు మొదటిసారి సొంతంగా ఆర్డరు ఒప్పుకున్నాను. తపేలాలో లీటరు పాలు పోసి కరక్కాయ పొడి కలుపుతా ఉంటే ఆమె వచ్చి చూసింది. "బిడ్డ నోరు కొట్టి గుడ్డకు పోస్తావా?" అనింది.

నేను బదులు చెప్పలేదు. గుడ్డ అప్పటికే పాలల్లో పడింది. దాన్ని అట్లే వదిలి నేను మాటకు మాట చెప్తా నిలబడితే ఒకపక్క పాలు ఎక్కువ పట్టి, ఒకపక్క తక్కువ పట్టి, రేపు రంగు వేసేటప్పుడు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. బిడ్డ ఏడుస్తా ఉంది, అత్త వాకిట్లో అలిగి కూర్చుంది, నేను గుడ్డ పిండుతా ఉన్నాను. మిద్దె మీద ఆరేసి దిగొచ్చేసరికి పావుగంట. ఆ పావుగంటలో ఉన్న అర లీటరు కాచి బిడ్డకు పట్టింది మా అత్తే. పట్టి, మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు పాలు పోసే ఆమెతో వేరే లెక్క పెట్టుకున్నాను. ఇంటి పాలు వేరే, గుడ్డ పాలు వేరే. గుడ్డ పాలకు డబ్బు నా చేతిలోంచి. ఇప్పుడు ఆమె వాకిట్లో నిలబడి "ఇవాళ గుడ్డకుందా అక్కా?" అని కేకేస్తుంది. కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్లు గుడ్డకు పాలేందని బిత్తరపోతారు.

ఆ పావుగంట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అదే పావుగంట నేను గీత గీస్తా ఉండి ఉంటే, లేచి బిడ్డనెత్తుకునేదాన్ని. గొడవ లేదు. అప్పటినుంచి నా పనిని నేను రెండుగా చూడటం మొదలుపెట్టినాను. ఆపగలిగేది, ఆపలేనిది.

ఎంతసేపు పడుతుందనేది కాదు నేను చెప్పేది. చింతబరికె కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకోవడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. కానీ దాన్ని ఎక్కడైనా ఆపొచ్చు. రాముడి కిరీటం దగ్గర ఆపి, కుక్కరు దించి, వచ్చి చెవి దగ్గర అందుకోవచ్చు. రంగు నింపేది కూడా అంతే. ఒక ఆకు అయిపోయినాక లేవొచ్చు. పాలల్లో ముంచేది పావుగంటే, కానీ ఆపలేం. ఎరుపు పట్టడానికి పటిక పూసినాక పారే నీళ్లలో ఉతకాలి. అది అరగంట, ఆపలేం. నీళ్లలో గుడ్డ ఒకచోట నిలిచిందంటే విడిచిన పటిక పక్కనున్న తెల్లచోటికి అంటుకుంటుంది, ఉడకేసినప్పుడు అక్కడా ఎరుపు లేస్తుంది. ఇంక ఉడకేసేదైతే సరే, దాని గురించి వేరేగా చెప్తాను.

ఇక్కడ క్రోషా అల్లేవాళ్లున్నారు, మట్టి నగలు చేసేవాళ్లున్నారు, రెజిన్ పోసేవాళ్లున్నారని చెప్పినారు. మీ పనిలో కూడా చూసుకోండి. క్రోషా ఎక్కడైనా ఆపొచ్చనుకుంటారు చూసేవాళ్లు. గొలుసు లెక్కబెట్టేటప్పుడు ఎవరైనా "ఏమే, చారులో ఉప్పేసినావా?" అంటే తెలుస్తుంది. (నవ్వులు) రెజిన్లో గట్టిపడే మందు కలిపినారంటే ఇంక అది మీ మాట వినదు, ఇంట్లోవాళ్ల మాటా వినదు. మీ పనిలో ఆపలేని ముక్క ఏదో మీకు తెలిసుంటుంది. కానీ మీ ఇంట్లోవాళ్లకు తెలుసా? మా ఇంట్లో తెలీదు. నేను చెప్పలేదు కాబట్టి తెలీదు. నేను ఆరు రోజులు పిలిచినప్పుడల్లా లేచి వచ్చేదాన్ని, ఏడో రోజు రాకపోతే వాళ్లకు పొగరుగా కనపడింది.

ఇది ఒప్పుకోవాల్సిన సంగతి, ఒప్పుకుంటాను. మా రెండోబిడ్డకు మూడేళ్లప్పుడు జరిగింది. కసిం అని ఉంటుంది మాకు, నల్లరంగు. పాత ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి కుండలో మూడు వారాలు పెడితే ఊరుతుంది. కుండలో చూస్తే నలుపే కాదు, టీ డికాషన్ మాదిరి ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలిన మరుక్షణం నల్లబడుతుంది. పిల్లోళ్లకు అది ఇంద్రజాలమే కదా. నేను మిద్దె మీద ఇంకో గుడ్డ ఆరేస్తా ఉన్నాను. వాడు గిన్నెలో చెయ్యి ముంచి, పరిచిన చీరమీద ఒక్కటేశాడు. అయిదు వేళ్లూ అచ్చు పడినాయి. పైట చెంగులో, సరిగ్గా నడిమధ్య.

నిమ్మకాయ రుద్దినాను. కొంచెం పోయింది, బూడిదరంగు మిగిలింది. తర్వాత చూసినవాళ్లందరూ ఒకటే మాట, "దాన్నే నెమలిగా మార్చి ఉండాల్సింది", "చెట్టుగా చేసి ఉండాల్సింది" అని. చేసినానమ్మా! నెమలి గీసినాను. చెయ్యి మింగిన నెమలి మాదిరి వచ్చింది. (నవ్వులు) ఆ చీర అమ్ముడుపోలేదు. చెంగు కత్తిరించి మిగిలింది దుప్పట్టాలు చేసినాను, గుడ్డ డబ్బు మాత్రం వచ్చింది. ఆ రోజు వాణ్ని కొట్టినాను. గట్టిగా. వాడికిప్పుడు 17 ఏళ్లు, వాడికి గుర్తులేదంట. నాకుంది.

తప్పు ఎక్కడుందో తర్వాత నిమ్మళంగా ఆలోచిస్తే తెలిసింది. బిడ్డ ఇంట్లో ఉన్న రోజు రెండు గుడ్డలు ముందరేసుకున్నాను, ఒకటి ఆపలేని పనిలో ఉంది. ఆ పనికి పోయినప్పుడు ఆపగలిగే పనిని మూతపెట్టి పోవాల కదా. కలం కడిగి, గిన్నె అటక మీద పెట్టి, చీర చుట్టి. రెండు నిమిషాల పని. అప్పటినుంచి మిద్దె ఎక్కేముందు గిన్నె అటకెక్కుతుంది. పిల్లోళ్లు పెద్దోళ్లయినా నా చెయ్యి ఇప్పటికీ అటకకే పోతుంది.

సరే, ఉడుకు రోజు. మా ఇంట్లో అందరూ అనే మాట ఇది. వెంకటేశ్వరస్వామి కేలండరులో నెలకు మూడో నాలుగో తేదీలకు ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. ఎక్కువగా బుధవారాలు. ఎందుకు బుధవారమంటే, సోమవారం గుడి రద్దీ, మా కాళహస్తి వాళ్లకు తెలుసు. మంగళ, శుక్రవారాలు అత్తకు పూజలు. శని, ఆదివారాలు పిల్లోళ్లు ఇంట్లో. మిగిలింది బుధవారం, గురువారం. గొప్ప కారణమేమీ లేదు.

ఎరుపు కావాల్సిన చోటంతా ముందే పటిక నీళ్లు పూసి ఉంటాం. పటిక నీళ్లు గుడ్డమీద కనపడవు కాబట్టి ఎక్కడ పూసినామో తెలియడానికి రవ్వంత ఎర్రరంగు కలుపుకుంటాం. ఒక రోజు ఆరనిచ్చి, ఉతికి, అప్పుడు ఉడకెయ్యాలి. పెరట్లో కట్టెల పొయ్యి, రాగి అండా, నీళ్లు, ఎరుపునిచ్చే మంజిష్ఠ, సురుడు చెక్క. గుడ్డ వేసినాక కర్రతో తిప్పతా ఉండాల. తిప్పేది ఆపితే అడుగునున్న మడతకు రంగు ఎక్కువ పడుతుంది, పైకి తేలిన మడతకు పట్టదు. మంట ఒకటే తీరుగా ఉండాల. పొగ కళ్లల్లోకి వస్తుంది, పైట నడుముకు దోపుకుని, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కట్టె ఎగదోస్తా ఉంటే, అప్పుడే ఫోను మోగుతుంది. బడినుంచి. బిడ్డకు వాంతులు, వచ్చి తీసుకుపోండి అని.

అది జరిగింది కాబట్టే చెప్తున్నాను. మా ఆయన ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. నేను అండాలో నీళ్లు పోసి మంట చల్లార్చి పరిగెత్తినాను. బిడ్డే ముఖ్యం, దాంట్లో ఆలోచించేది ఏముంది. కానీ గుడ్డ పోయింది. ఒకటి కాదు, ఒకేసారి మూడు గుడ్డలు వేసి ఉన్నాను. పద్దెనిమిది రోజుల పని. ఆ రాత్రి బిడ్డకు జ్వరం తగ్గినాక నేను పెరట్లో కూర్చుని ఏడ్చినాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, చాలాసేపు ఏమీ అనకుండా, "ఆ ఫోను నాకు రావాల్సింది" అన్నాడు. మరుసటి రోజు బడికి పోయి, మొదటి నంబరు తీసేసి తన నంబరు రాయించి వచ్చినాడు. అంతే. అంత చిన్న పని. పెళ్లైన తొమ్మిదో ఏట చేసినాడు. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు ఆయనకు చెప్తాను.

ఆ తర్వాత ఉడుకు రోజుకు ఒక కట్టుబాటు వచ్చింది. ముందురోజు రాత్రే చిత్రాన్నానికి పులుపు చేసిపెడతాను, పొద్దున అన్నం వండితే చాలు. పదింటి నుంచి రెండింటి దాకా నన్ను ఎవరూ పిలవరు. మా అత్త వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లకు "ఇవాళ ఉడుకు, రేపు రాండి" అని చెప్తుంది. ఆమెకు అదొక హోదా. కరక్కాయ దంచి గింజ తీసేది కూడా ఆమే. మొదట్లో ఊరికే చేసేది. ఒకరోజు నేను పద్దు రాస్తా, దాంట్లో ఆమె పేరు మీద కూలీ వేసి, నెలాఖర్లో చేతిలో పెట్టినాను. "నాకెందుకు, ఇంటిపనే కదా" అనింది. తీసుకోను అనలేదు. ఇప్పుడు ఒకరోజు ఆలస్యమైతే తనే అడుగుతుంది.

ఈ "ఇంటిపనే కదా" అనే మాట దగ్గర రవ్వంత నిలబడాలి.

మా ఊర్లో ఈ కళ ఒక దశలో ఆరిపోయేట్టుంటే, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనుకుని 1950ల చివర్లో ఒక శిక్షణ కేంద్రం పెట్టించినారు. అక్కడినుంచి మళ్లీ నిలదొక్కుకుంది. మా కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, మీకు తెలిసే ఉంటుంది. నా చిన్నప్పుడు నేను చూసిన ఇళ్లల్లో కలం పట్టేది మగవాళ్లు. గుడ్డ ఉతికేది, పాలు కలిపేది, రంగు నింపేది ఆడవాళ్లు, పిల్లోళ్లు. ఇంటాయన బొమ్మ గీస్తా ఉంటే ఇంట్లో రేడియో కూడా ఆపేసేవాళ్లు. భోజనం ఆయన దగ్గరికే పోయేది. ఎవరూ ఆయన్ని "ఇల్లూ పనీ ఎట్లా సంబాళిస్తున్నావు" అని అడిగి ఎరగరు. ఇప్పుడు కలం పట్టే ఆడవాళ్లు మా ఊర్లో చాలామంది. గీత మగవాళ్ల గీతకు ఏమీ తీసిపోదు. రేడియో మాత్రం ఎవరూ ఆపడంలేదు. మేమే లేచిపోయి తగ్గించుకుంటున్నాం.

ఒక శిక్షణలో నరసాపురం లేసు గురించి చెప్పినారు. పశ్చిమ గోదావరిలో, 19వ శతాబ్దంలో మిషనరీల వల్ల వచ్చిన పని. ఇంటింటా ఆడవాళ్లు సూదితో అల్లుతారు, సరుకు విదేశాలకు పోతుంది. జర్మనీ నుంచి మరియా మీస్ అనే ఆమె వచ్చి వాళ్ల పనిని దగ్గరగా చూసి 1982లో పుస్తకం వేసినారంట. ఆమె చూసిందేమంటే, రోజుకు ఆరేడు గంటలు అల్లే ఆడమనిషిని కూడా అందరూ ఇల్లాలనే అంటారు, పనిమనిషి అనరు... పనిమనిషి కాదమ్మా, పనివాళ్లు, కార్మికులు. (నవ్వులు) ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని అంటారు. ఖాళీ అని పేరుపెడితే కూలీ కూడా ఖాళీకి తగినట్టే ఇస్తారు. అది విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఆ నెలలోనే మా పెద్దాడబిడ్డ "ఖాళీగానే ఉంటావు కదా, నాకూ ఒక దుప్పట్టా వేసివ్వు" అని పోయింది.

ఇవ్వను అనలేం కదా. వేసినాను. కానీ ఆ దుప్పట్టాకు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, కూర్చున్నప్పుడు టైము, లేచినప్పుడు టైము రాసినాను. పిల్లోడికి నీళ్లిచ్చి వచ్చిన అయిదు నిమిషాలు కూడా తీసేసి రాసినాను. మొత్తం 31 గంటలు వచ్చింది. అట్లాంటి దుప్పట్టాకు అప్పట్లో అంగడివాళ్లు నాకు ఇచ్చేది 2,800. గుడ్డ, పాలు, రంగులు, కట్టెలు పోతే 2,100. గంటకు 68 రూపాయలు కూడా పడలేదు. నేను అదివరకు రోజుకు ఇంత మిగులుతుందని మనసులో ఒక లెక్క పెట్టుకుని ఉండేదాన్ని, అది ఈ లెక్కన వచ్చేదానికి రెండింతలుండేది. ఆడబిడ్డ సంగతి అట్లా ఉంచండి, నన్ను నేనే మోసం చేసుకుంటా ఉన్నాను.

ఆ నోటుబుక్కును మా ఆయన చూసినాడు. ఆయనది గ్యారేజీ పని, గంటల లెక్క ఆయనకు బాగా తెలుసు. "ఈ ధరకు నేనైతే బోల్టు కూడా బిగించను" అన్నాడు. ఆ తర్వాత నేను చేసింది ధర పెంచడం కాదు, అంత ధైర్యం అప్పుడు లేదు. పని తగ్గించినాను. చీరలో సందు లేకుండా నింపేదాన్ని, అంచూ చెంగూ నిండుగా చేసి ఒంటిని ఖాళీ వదిలినాను. కొనేవాళ్లు అదే బాగుందన్నారు. ధర రెండేళ్ల తర్వాత పెంచినాను. మీలో ఎవరికైనా ఇంట్లో విలువ లేదనిపిస్తే ముందు ఒక వస్తువుకు గంటలు రాయండి. గొడవ పెట్టుకోవడానికి కాదు. రాయకముందు నాకే తెలీని సంగతి ఇంట్లోవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

కాలం గురించి రెండు ముక్కలు. మాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గుడ్డ ఆరదు, పాలు పట్టిన గుడ్డ సగం ఆరి నిలిస్తే వాసన... ఆ వాసన ఇక్కడ చెప్పకపోవడమే మంచిది. దానికి తోడు పేడనీళ్లలో నానేసి ఎండలో తెల్లబరిచే పని కూడా ఎండ లేకపోతే జరగదు. కాబట్టి వానాకాలంలో గీతపనే. ఎవరైనా కార్తీకంలో పెళ్లి, దసరా అప్పుడు ఆర్డరిస్తామంటే తీసుకోను. శివరాత్రికి ముందు పదిహేను రోజులు కూడా తీసుకోను. మా ఊర్లో శివరాత్రి అంటే మా ఇంట్లో పద్నాలుగు మంది చుట్టాలు, గీసే బల్ల మీద కూడా పరుపేస్తాం. మొదట్లో ఆ పదిహేను రోజులు కూడా ఒప్పుకుని, రాత్రి అందరూ పడుకున్నాక ట్యూబులైటు కింద పసుపు నింపేదాన్ని. రాత్రి లైటులో పసుపు ఎంత పడిందో కంటికి తెలీదమ్మా. పొద్దున చూస్తే ఒక గోపిక చేమంతి, ఒక గోపిక ఆవకాయ. అప్పటినుంచి రాత్రిపూట రంగు ముట్టను. నల్లగీత అయితే గీస్తాను, అదీ పదిన్నర దాటితే లేదు.

నీళ్ల కష్టం వేరే. స్వర్ణముఖి పారేటప్పుడు అందరం ఏటికే పోయేవాళ్లం. ఏరు ఎండినప్పుడు పొలాల్లో బోరున్నవాళ్లను అడుక్కోవాల. బోరు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పోవాల, తెల్లవారుజామున మూడింటికైనా. ఆ టైములో ఒక్కదాన్నే పోలేను కాబట్టి మేం నలుగురం జట్టుగా పోతాం. ఒకరి బిడ్డను ఒకరింట్లో పడుకోబెడతాం. ఇది సాయం మాదిరి మొదలైంది, ఇప్పుడు ఉడుకు కూడా అట్లే, ఒకరింట్లో పొయ్యి పెడితే ముగ్గురి గుడ్డలు పడతాయి. తిప్పేవాళ్లు ఇద్దరుంటే ఒకరు ఫోనెత్తొచ్చు. నేను పద్దెనిమిది రోజుల పని పోగొట్టుకున్న రోజు పక్కన ఇంకొకరుంటే పోయేది కాదు.

పిల్లోళ్లు నేర్చుకున్నారా అని అందరూ అడుగుతారు. పెద్దమ్మాయి నర్సింగు చదువుతుంది. కలం పట్టదు, పాల వాసన అంటే దానికి చిన్నప్పటినుంచి పడదు. మావాడు సెల్లు రీచార్జికి డబ్బు కావాల్సినప్పుడు ఆకులు నింపుతాడు, ఆకుకింత అని బేరమాడతాడు. వాళ్లు చెయ్యకపోతే నాకేం బాధ లేదు. నేను కూడా కళను నిలబెడదామని మొదలుపెట్టలేదు కదా, నాన్న అంగడి మూతపడితే కూలికి పోయినాను.

ఇంక మీరు అడగండి.

(సభలోంచి ఒకామె: మా ఇంట్లో కేలండరులో రాసినా ఎవరూ పట్టించుకోరండి. ఏం చెయ్యాలి?)

మా ఇంట్లో కూడా మొదటి ఏడాది పట్టించుకోలేదు. నేను కూడా ఒక తప్పు చేసినాను, అన్ని రోజులకూ సున్నా చుట్టినాను. (నవ్వులు) అన్నీ ముఖ్యమంటే ఏదీ ముఖ్యం కాదనుకుంటారు. నెలకు మూడే చుట్టి, మిగతా రోజులు పిలిచినప్పుడు లేచి వచ్చినాను. అప్పుడు ఆ మూడు రోజులు నిలబడినాయి. అయినా ఎవరో ఒకరు పిలుస్తారు. పలకొద్దు. రెండుసార్లు పిలిచి, చొక్కా ఎక్కడుందో వాళ్లే వెతుక్కుంటారు.

(ఇంకొకామె: మధ్యలో మానేసింది ఉందా?)

ఉంది. మా అత్త తుంటి విరిగినప్పుడు ఏడు నెలలు. మంచం మీద మనిషిని చూసేది ఆపగలిగే పని కాదు కదమ్మా. అప్పుడు ఆర్డర్లు తెచ్చే ఆయన ఒకరు ఇంక నీకు పనివ్వనని చెప్పి, ఇవ్వలేదు కూడా. పోనీ అనుకున్నాను. మళ్లీ కూర్చున్నప్పుడు గీత వణికింది. ఒక నెల పాతగుడ్డల మీద తీగలే గీసినాను, ఎవరికీ చూపించలేదు. మా అత్త మంచంలోంచి చూసి, "తీగ గొలుసు మాదిరి ఉందే" అని ఎగతాళి చేసేది. ఆమెకు ఊసుపోకకు నేను, నాకు ఆమె. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది.

(చివర కూర్చున్న అమ్మాయి: అక్కా, నాకు నేర్చుకోవాలనుంది. కరక్కాయ పొడి ఎక్కడ దొరుకుతుంది?)

పొడి కొనొద్దు తల్లీ, దాంట్లో ఏం కలిపి ఉంటారో చెప్పలేం. మూలికల అంగడిలో కాయలే అడుగు. పగలగొట్టి గింజ తీసేసి పైచెక్క దంచుకో. దంచినాక వేళ్లు నల్లబడతాయి, పెళ్లిళ్లకు పోయేముందు మాత్రం దంచొద్దు. మొదట అర మీటరు గుడ్డతో మొదలుపెట్టు, పాలు పావు లీటరు కూడా పట్టదు, ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. కలం ఎట్లా కట్టాలో నేను చూపిస్తాను, కాళహస్తికి బస్సెక్కి రా. ఏ రోజైనా రా. ఫోను చేసి రానక్కర్లేదు. వచ్చే బుధవారం మాత్రం రావొద్దు. వాకిట్లో మా అత్త ఉంటుంది, లోపలికి రానివ్వదు.